ఫైరింజన్ వచ్చేలోపు

మంట లేచినప్పటి నుంచి ఫైరింజన్ వీధి మొదట్లో కనబడేదాకా ఉండే సమయం ఇంట్లోవాళ్లది. స్టేషన్ పక్క వీధిలోనే ఉన్నా సరే, ఫోను అందాలి, బండి కదలాలి, దారి దొరకాలి, గొట్టం పరవాలి. వీటికి నిమిషాలు పడతాయి. సోఫాలు, పరుపులు, ప్లాస్టిక్ సామాను నిండిన గదికి ఆ కాసిని నిమిషాలే ఎక్కువ. వేడి పొగ పైకప్పు కింద పేరుకుంటూ 500–600 డిగ్రీల సెల్సియస్‌కి చేరిందంటే, అప్పటిదాకా నిప్పు తగలని కుర్చీలూ కర్టెన్లూ కూడా ఒక్కసారిగా భగ్గుమంటాయి. ఫైర్ సిబ్బంది దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. అదయ్యాక ఆ గదిలో ఉన్నవాళ్లు బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి సరంజామా అంతా ముందే సిద్ధంగా ఉండాలి.

పొగ అలారం

నిద్రలో ముక్కు పనిచేయదు. పొగ వాసనకి మెలకువ వస్తుందనుకోవడం పొరపాటు. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని లేపకపోగా ఇంకా మత్తులోకి నెడుతుంది. అందుకే ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే అది పొగ అలారమే కావాలి, ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) దాని తర్వాతే.

ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట నడవలో ఒకటి, ప్రతి అంతస్తుకీ కనీసం ఒకటి. పైకప్పుకి బిగిస్తే గోడ నుంచి 10 సెంటీమీటర్లయినా ఇవతలికి ఉండాలి, ఎందుకంటే గోడా కప్పూ కలిసే మూలలో గాలి కదలదు, పొగ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. గోడకి బిగించాల్సి వస్తే కప్పు కింద 30 సెంటీమీటర్ల లోపు. ఫ్యాను గాలి నేరుగా తగిలేచోట వద్దు. పొయ్యికి 3 మీటర్ల దూరమైనా ఉంచండి. లేకపోతే తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది, విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. మంట రోజున మోగని అలారాల్లో చాలా వాటి కథ ఇదే.

అలారాల్లో ప్రధానంగా రెండు రకాలు. అయొనైజేషన్ రకం ఎగసే మంటను త్వరగా పసిగడుతుంది, ఫోటోఎలక్ట్రిక్ రకం పరుపులో రాజుకుంటూ పొగ మాత్రమే వచ్చే నిప్పును ముందు పట్టుకుంటుంది. ఒక్కటే పెట్టుకునేట్టయితే ఫోటోఎలక్ట్రిక్ మేలు. రాత్రిపూట నిదానంగా రాజుకునే నిప్పే ఎక్కువ ప్రమాదం, పైగా ఇది వంటపొగకి అంత తొందరగా మోగదు. నెలకోసారి బటన్ నొక్కి చూడండి, దుమ్ము తుడవండి. నిమిషానికోసారి కీచుమంటోందంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. తయారైన తేదీ వెనకవైపు ఉంటుంది. అప్పటి నుంచి 10 ఏళ్లు దాటితే, బటన్ నొక్కితే మోగినా సరే, మార్చేయాలి. బటన్ మోగిందంటే బ్యాటరీ, బజర్ బాగున్నాయని మాత్రమే. లోపలి సెన్సర్ మొద్దుబారిందో లేదో దానివల్ల తెలియదు.

మూకుట్లో నూనె అంటుకుంటే

నూనె చెప్పకుండా అంటుకోదు. ముందు అలలుగా కదులుతుంది, తర్వాత సన్నగా నీలిపొగ వస్తుంది. ఆ పొగ దగ్గరే స్టవ్ కట్టేయాలి. పట్టించుకోకపోతే వేడి ఇంకా పెరిగి, ఎక్కడి నుంచీ నిప్పు తగలకుండానే నూనె తనంతట తాను అంటుకుంటుంది.

అప్పుడు చేయాల్సింది ఇది. చెయ్యి మంట మీదుగా పోకుండా చేరగలిగితే స్టవ్ కట్టేయండి. మూకుడు అంచుకి సరిపోయే మూతనో, చదునైన లోహపు పళ్లేన్నో తీసుకుని, మీకూ మంటకీ మధ్య డాలులా పట్టుకుని, మీవైపు అంచు నుంచి అవతలికి జరుపుతూ కప్పండి. పైనుంచి టప్పున వేస్తే నూనె చిందుతుంది. గాజు మూత వద్దు, ఆ వేడికి పగలొచ్చు. కప్పాక ఇక ముట్టుకోకండి. మంట ఆరిందా అని రెండు నిమిషాలకే మూత ఎత్తి చూడటం అందరూ చేసే తప్పు. నూనె ఇంకా అంటుకునే వేడి మీదే ఉంటుంది, గాలి తగలగానే మళ్లీ లేస్తుంది, ఈసారి నేరుగా మొహం మీదికి. పూర్తిగా చల్లారేదాకా, అంటే అరగంటైనా, అలాగే వదిలేయండి.

నీళ్లు మాత్రం ఒక్క చెంబుడు కూడా పోయొద్దు. నీళ్లు నూనె కంటే బరువు, కిందికి దిగి ఆ వేడికి తక్షణం ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మండుతున్న నూనెను తుంపరలుగా పైకి చిమ్ముతుంది, గ్లాసుడు నీళ్లకే మంట పైకప్పు తాకుతుంది. మూకుణ్ని ఎత్తి బయట పారేద్దామని పరిగెత్తడం దీనికి తీసిపోదు. నడిచే గాలికి మంట వెనక్కి, చేతి మీదికి వాలుతుంది, చెయ్యి వదిలేస్తారు, మండే నూనె నేలంతా పారుతుంది.

గ్యాస్ వాసన

సిలిండర్‌లో వచ్చే ఎల్పీజీకి సహజంగా వాసన లేదు, లీకు తెలియాలనే ఆ ఘాటు కలుపుతారు. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది, మూలల్లో, కాలువల్లో, మెట్ల కింద నిలుస్తుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వతో అంటుకుంటుంది. పైపుల్లో వచ్చే సహజవాయువు దీనికి వ్యతిరేకం, గాలి కంటే తేలిక, కప్పు కింద చేరుతుంది.

వాసన రాగానే ఏ స్విచ్చీ వేయకండి, ఆర్పకండి కూడా. ఆర్పేటప్పుడూ లోపల రవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం చాలామందికి చెయ్యి అలవాటు, అది అన్నిటికంటే చెడ్డది. రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి, అందర్నీ బయటికి పంపండి, ఫోను బయటికొచ్చాకే చేయండి. కరెంటు తీయాల్సి వస్తే ఇంటి బయట ఉన్న మెయిన్ దగ్గర తీయాలి. లీకు ఎక్కడో చూడటానికి సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే రాయాల్సి వస్తోంది.

సిలిండర్ మూతి దగ్గరే మండుతుంటే ఒక చిక్కుంది. వాల్వు తిప్పే వీలు లేకుండా ఆ మంటను ఆర్పొద్దు. మండుతున్న గ్యాస్ కంటికి కనబడుతుంది, ఆర్పేస్తే అదే గ్యాస్ కనబడకుండా గది నింపి, తర్వాత ఒక్కసారిగా పేలుతుంది. చెయ్యి వాల్వుకి చేరగలిగితే బాగా తడిపిన మందపాటి గుడ్డ చుట్టుకుని తిప్పండి. చేరకపోతే బయటికి నడవండి. సిలిండర్‌ను పడుకోబెట్టొద్దు, పడుకుంటే ద్రవమే బయటికొస్తుంది. ఒక లీటరు ద్రవం 250 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది.

ఎక్స్‌టింగ్విషర్

ఇంటికి ఏబీసీ పొడి రకం ఎక్కువ వాటికి పనికొస్తుంది. డబ్బా మీది అక్షరాలు అది ఏ రకం మంటలకి పనికొస్తుందో చెబుతాయి, వాటి అర్థం దేశాన్ని బట్టి కొంత మారుతుంది కాబట్టి పక్కనున్న బొమ్మలు చూసుకోండి. 2 కిలోల సిలిండర్ 8 నుంచి 12 సెకన్లే పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక దూరం నుంచే నొక్కడం మొదలెట్టి సగం గాలిపాలు చేస్తారు.

ముందు నాలుగు ప్రశ్నలు. మిగతావాళ్లు బయటికెళ్లారా? ఎవరైనా ఫోను చేశారా? మంట చెత్తబుట్ట కంటే చిన్నదేనా? నా వెనక బయటికి దారుందా? ఏ ఒక్కదానికి కాదన్న జవాబొచ్చినా సిలిండర్ వదిలేసి బయటికి వెళ్లిపోవడమే.

పిన్ను లాగేటప్పుడు చాలామంది కంగారులో పిడిని కూడా బిగించి పట్టుకుంటారు, అప్పుడు పిన్ను ఇరుక్కుని రాదు. సిలిండర్‌ను కింద పెట్టి, లేదా అడుగున చెయ్యేసి పట్టుకుని, పిన్నును కొద్దిగా తిప్పి లాగండి. రెండు మీటర్ల దూరంలో నిలబడి నాజిల్‌ను ఎగసే నాలుకల మీదికి కాకుండా మంట మొదలుకి గురిపెట్టండి. నొక్కి, ఇటూ అటూ ఊపుతూ ముందుకు జరగండి. నూనె, పెట్రోలు లాంటి వాటి మీద మరీ దగ్గర నుంచి కొడితే పొడి తోపుకి ద్రవం చిందుతుంది. ఆరాక వీపు తిప్పకుండా వెనక్కి నడవండి. పొడి చల్లబరచదు, పరుపూ దిండూ లోపల నిప్పు మిగిలి మళ్లీ లేస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ రకం ఎలక్ట్రిక్ సామానుకి శుభ్రమైనది. కానీ చివరి కొమ్మును చేత్తో పట్టుకోకూడదు, చర్మం అతుక్కునేంత చలువ. దీనికి ప్రెషర్ చూపే ముల్లు ఉండదు, తూకంతోనే నిండుగా ఉందో లేదో తెలుస్తుంది. పొడి రకానికి ఆ ముల్లు పచ్చరంగు భాగంలో ఉండాలి. ఒక్కసారి నొక్కి వదిలినా మళ్లీ నింపించాల్సిందే, వాల్వులో పొడి ఇరుక్కుని ప్రెషర్ నెమ్మదిగా కారిపోతుంది. తగిలించాల్సింది వంటింటి గుమ్మం దగ్గర. స్టవ్ పక్కన పెడితే మంట దాటి తీసుకోవాలి.

కరెంటు, బ్యాటరీలు

230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు 1,380 వాట్లే మోస్తుంది. దానికి 2,000 వాట్ల హీటర్ పెడితే వైరు వేడెక్కుతుంది, చుట్ట చుట్టి ఉంటే ఆ వేడి పోయే దారి కూడా లేదు. ప్లగ్గు గోధుమరంగు తిరిగిందన్నా, చేత్తో పట్టుకుంటే చురుక్కుమన్నా లోపల పట్టు వదులైందని లెక్క. మార్చాల్సిందే, టేపు చుట్టడం వైద్యం కాదు. మంటొస్తే ముందు మెయిన్ తీయాలి.

స్కూటర్, సైకిల్ లిథియం బ్యాటరీలను గుమ్మం దగ్గరో మెట్ల కిందో ఛార్జింగ్ పెట్టకండి. అంటుకుంటే బయటపడే దారే మూసుకుపోతుంది. ఉబ్బినా, బుస్సుమన్నా, వింత వాసనొచ్చినా దాన్ని ఎత్తుకెళ్లాలని చూడకండి, తలుపు మూసి బయటికెళ్లండి. ఆ పొగ విషం, ఆరినట్టే ఉండి గంటల తర్వాత మళ్లీ రాజుకుంటుంది.

బయటపడటం

ప్రతి గదికీ రెండు దారులు చూసిపెట్టుకోండి, సాధారణంగా తలుపూ కిటికీనూ. కిటికీకి కదలని గ్రిల్ ఉంటే ఆ గదికి ఒక్క దారే ఉన్నట్టు. కనీసం ఒక కిటికీకి తెరుచుకునే గ్రిల్ పెట్టించి, తాళంచెవిని లోపల చెయ్యందేచోట, పిల్లలకీ తెలిసేలా తగిలించండి. చీకట్లో ఒకసారి, లైట్లు వేయకుండా, మంచం నుంచి వీధిలోకి నడిచి చూడండి. చెప్పుల స్టాండూ మడత కుర్చీలూ కాలికి ఎక్కడ తగులుతాయో అప్పుడే తెలుస్తుంది.

రాత్రి పడకగది తలుపు మూసి పడుకోండి. మామూలు చెక్క తలుపైనా మంటనీ పొగనీ కొన్ని నిమిషాలైనా ఆపుతుంది. అలారం మోగితే తలుపును, గొళ్లేన్ని చేతి వెనకభాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవొద్దు. చల్లగా ఉంటే కొద్దిగా తెరిచి చూసి, పొగుంటే మోకాళ్ల మీద వెళ్లండి, నేలకు 30–60 సెంటీమీటర్ల ఎత్తులో గాలి కాస్త మెరుగు. వెళ్తూ వెనక తలుపులు మూయండి. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. ఆ గుడ్డ కోసం వెతుకుతూ సమయం పోగొట్టొద్దు.

లిఫ్టు ఎక్కొద్దు. మెట్ల నిండా పొగుంటే వెనక్కొచ్చి తలుపు మూసి, దాని కింది సందులో తడి తువ్వాళ్లు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి ఏ అంతస్తు, ఏ వైపు గదో ఫోనులో చెప్పండి. తడిగుడ్డకి అసలు పని ఇక్కడే. బయటికొచ్చాక అందరూ చేరడానికి ఒక చెట్టో స్తంభమో ముందే అనుకోండి, తల లెక్క అక్కడ తేలాలి. లోపల ఎవరైనా ఉండిపోతే సిబ్బందికి గది చూపించండి, మీరు లోపలికి వెళ్లొద్దు.

బట్టలంటుకుంటే పరిగెత్తకూడదు. ఆగి, మొహం చేతులతో కప్పుకుని, నేల మీద పడి దొర్లాలి. కాలినచోట చల్లటి పారే నీళ్లు 20 నిమిషాలు పోయాలి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఐసు, టూత్‌పేస్టు, నూనె, సిరా ఏదీ వద్దు. చర్మానికి అతుక్కున్న గుడ్డ లాగొద్దు.

ఫోను, దారి

ఫోనులో మొదట చిరునామా, తర్వాతే మిగతాది, లైను తెగినా బండి బయల్దేరుతుంది. దగ్గరి గుర్తు, ఏం కాలుతోంది, ఎన్నో అంతస్తు, లోపల ఎవరైనా ఉన్నారా, గ్యాస్ సిలిండర్లున్నాయా. వాళ్లు పెట్టేయమనేదాకా మీరు పెట్టకండి. వీధి మలుపులో ఒకరు నిలబడి చెయ్యి ఊపాలి, రాత్రయితే టార్చి పట్టుకుని.

బండి వెడల్పు దాదాపు 2.5 మీటర్లు, తలుపులు తెరిచి సామాను దించడానికి ఇంకో మీటరైనా కావాలి. నిచ్చెన బండికి, ఒరగకుండా పక్కలకి ఇనుప కాళ్లు చాపుకునే చోటు కూడా ఉండాలి. రెండువైపులా కార్లు ఆపిన సందులోకి అది రాదు, గొట్టాన్ని మోసుకుంటూ రావాలి. నీళ్లు నిండిన 63 మిల్లీమీటర్ల గొట్టం 30 మీటర్ల ముక్కలో నీటి బరువే 90 కిలోలు దాటుతుంది. కారు టైరు దాని మీద ఎక్కిందంటే అవతల నాజిల్ దగ్గరున్న మనిషికి నీళ్లు ఆగిపోతాయి.

4,500 లీటర్ల ట్యాంకున్న బండి నిమిషానికి 450 లీటర్లు చిమ్మితే 10 నిమిషాలే. రెండు గొట్టాలు పెడితే అయిదు. ఆ తర్వాత హైడ్రెంటో (ఫైరింజన్‌కి నీళ్లిచ్చే వీధి కొళాయి), సంపో, బోరో కావాలి. హైడ్రెంట్ ముందు బండి ఆపొద్దు, మూత మీద చెత్త పోయొద్దు. అపార్టుమెంటు అయితే సంపు మూత ఎక్కడో, పంపు గది తాళం ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కి తెలిసుండాలి.

మంట ఆరి బండి వెళ్లాక కరెంటు మీరు వేయకండి, తడిసిన వైరింగ్ ఎలక్ట్రీషియన్ చూడాలి. సగం కాలిన పరుపును తిరిగి ఇంట్లోకి తీసుకెళ్లకండి, ఆరుబయట గోడకి దూరంగా వేసి, చీల్చి, లోపలిదాకా నీళ్లు దిగేలా తడపండి.