పర్సు మీద తెల్లమచ్చ, బెల్టుకు పగుళ్లు: తోలు వస్తువులకు సమస్య - పరిష్కారం

తోలు వస్తువుకు ఏమైనా అయితే ఇంట్లో వెంటనే చేతికొచ్చేవి సబ్బు నీళ్లు, కొబ్బరినూనె, ఎండ. అసలు సమస్య కంటే ఈ మూడింటి వల్ల పాడైన పర్సులే ఎక్కువ. ముందు కారణం పట్టుకోవాలి, ఆ తర్వాతే దాని మీద ఏదైనా రాయాలి.

పై పొర పొట్టులా రాలుతోంది

అది తోలేనా? బెల్టు కన్నం అంచునో, పర్సు లోపల కోసిన అంచునో దగ్గరగా చూడండి. తోలైతే నారలు నారలుగా ఉంటుంది. పలచని ప్లాస్టిక్ పొర, దాని కింద నేసిన గుడ్డ కనిపిస్తే అది రెక్సిన్. గాలిలోని తేమకు ఆ పొర విరిగిపోతుంది, వాడకుండా బీరువాలో దాచినా సరే. దీనికి ఏ క్రీమూ పనిచేయదు. డబ్బు దండగ చేసుకోవద్దు.

తెల్లగా వచ్చింది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తెల్లగా కనిపించేది మూడు రకాలు, మూడింటికీ వైద్యం వేరు.

నూగులా, మచ్చలు మచ్చలుగా ఉండి ముక్కవాసన వస్తే బూజు. ముసురు రోజుల్లో, ముఖ్యంగా కోస్తాలో, గాలి ఆడని బీరువాలో వస్తుంది. వస్తువును ఆరుబయటికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులపండి. గదిలో దులిపితే బూజు రేణువులు పక్కనున్న బ్యాగులకూ అంటుకుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఒక రకం స్పిరిట్), నీళ్లు సమానంగా కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి తుడవండి. ముందుగా కనపడని చోట కొంచెం రుద్ది రంగు ఊడుతుందేమో చూడటం తప్పనిసరి. తర్వాత నీడలో, ఫ్యాను కింద ఒక రోజు ఆరనివ్వండి. మళ్లీ దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, నూలు సంచిలో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి.

గరుకుగా, పొడిపొడిగా, చెమట తగిలే చోటే ఉంటే ఉప్పు. బెల్టు లోపలివైపు, వాచీ బెల్టు మీద, వానకు తడిసి ఆరిన చెప్పుల మీద కనిపిస్తుంది. తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి తడిగుడ్డతో తుడవండి, ఆపైన ఉత్త నీటి గుడ్డతో మరోసారి తుడవండి.

మైనంలా జిడ్డుగా ఉంటే తోలు లోపలి కొవ్వు పైకి తేలినట్టు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఒక జానెడు దూరం నుంచి పట్టండి. ఆ తెలుపు కరిగి మాయమైతే కొవ్వే, మెత్తటి గుడ్డతో తుడిచేస్తే సరి. ఉప్పు, బూజు అలా కరగవు. చలికాలంలో ఇది ఎక్కువ కనిపించడానికి ఒక కారణం మన కొబ్బరినూనే. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డకడుతుంది, తోలుకు పట్టించిన నూనె కూడా అంతే. పైగా తోలును నల్లబరుస్తుంది, కొన్నాళ్లకు కమురు వాసన వస్తుంది.

గట్టిపడి పగుళ్లు వస్తున్నాయి

తోలులో నారల మధ్య నూనె ఉంటేనే అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. నూనె పోతే వంగిన చోట తెగుతాయి. కారు అద్దం వెనక ఎండలో వదిలేయడం, బట్టల సబ్బుతో కడగడం ముఖ్య కారణాలు. తోలు కొద్దిగా ఆమ్ల స్వభావంలో ఉంటుంది, సబ్బు క్షారం. రెండూ పడవు.

దుమ్ము తుడిచి, చిక్కుడు గింజంత లెదర్ కండిషనర్ (తోలుకు నూనె పట్టించే క్రీమ్) గుడ్డ మీద తీసుకుని గుండ్రంగా రాయండి. పర్సుకు అంతే చాలు. అరగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. మరీ ఎండిపోయిన బెల్టుకు మర్నాడు ఇంకోసారి పలచగా రాయండి, ఒకేసారి దట్టించవద్దు. నార తెగేంత లోతుగా పగిలితే అతకదు. కండిషనర్ రాయడం పగుళ్లు రాకముందే చేయాల్సిన పని, ఏడాదికి రెండుసార్లు చాలు. స్వెడ్ (పైన నూగుతో మెత్తగా ఉండే తోలు) మీద మాత్రం క్రీమ్ వేయకండి, నూగు అణిగిపోతుంది.

వానలో పూర్తిగా తడిసింది

లోపలివన్నీ తీసేసి, పొడి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. ఆకారం చెడకుండా తెల్ల కాగితాలు ఉండలు చుట్టి లోపల కుక్కండి, తడిసినప్పుడల్లా మార్చండి. న్యూస్‌పేపర్ అయితే దాని సిరా లోపలి గుడ్డకు అంటుకుంటుంది. ఒకటి రెండు రోజులు నీడలోనే. ఎండలోనో, పొయ్యి దగ్గరో పెడితే నారలు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా బిగుస్తుంది. తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసిన తోలు చెప్పులకు ఈ ప్రమాదం ఎక్కువ. కొద్దిగా చెమ్మ ఉండగానే కండిషనర్ రాయండి.

నూనె మరక

నీళ్లు వద్దు. టాల్కమ్ పౌడరు మందంగా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులపండి. మరక తగ్గేదాకా రెండు మూడుసార్లు చేయండి. పాత మరక పూర్తిగా పోకపోవచ్చు.

బకిల్ చుట్టూ ఆకుపచ్చ మైనం

ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వు కలిసి ఏర్పడేది ఇది. టూత్‌పిక్‌తో మెల్లగా గీకి, పొడి దూది చుట్టిన పుల్లతో తుడవండి. ఇత్తడి పాలిష్ తోలుకు తగిలితే మచ్చ పడుతుంది, అందుకని పాలిష్ చేయాల్సి వస్తే బకిల్ విప్పి చేయండి.

చొక్కాకు రంగు అంటుతోంది

కొత్త బెల్టులో పట్టకుండా మిగిలిన రంగు అది. పొడి తెల్లగుడ్డతో రంగు రావడం తగ్గేవరకు రుద్ది, ఆపైన రంగులేని మైనం పాలిష్ పలచగా వేయండి. బూట్ల నల్ల పాలిష్ బెల్టుకు, బ్యాగుకు వేస్తే ఆ రంగే బట్టలకు ఎక్కుతుంది.