బేస్‌బాల్‌లో మొదటి ఇన్నింగ్స్‌లోనే పిచర్ (బ్యాటరుకు బంతి విసిరేవాడు) గురి తప్పితే లోపం ఎక్కడ వెతకాలి?

లక్షణం ఇది: మొదటి ముగ్గురు బ్యాటర్లలో ఇద్దరికి వాక్, అంటే నాలుగు గురి తప్పిన బంతులకు ఊరికే దక్కే మొదటి బేస్. ఒక బంతి క్యాచర్ తల మీదుగా వెళ్తుంది, మరొకటి ప్లేట్ (బ్యాటరు పక్కన నేలలో ఉండే పలక) ముందే నేలను తాకుతుంది. మూడో ఇన్నింగ్స్‌కు అదే కుర్రాడు అదే చేత్తో చక్కగా వేస్తుంటాడు. అలా తనంతట తానే కుదురుకుంటున్నాడంటే లోపం విసిరే తీరులో లేదు. ఆ తీరును మార్చకండి, వార్మప్ చూడండి.

ముందుగా ఒక్క ప్రశ్న: బంతి పట్టుకునే ముందు పరిగెత్తాడా? హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చే పిచర్లలో చాలామంది క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేసినవాళ్లే. చేతిని గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి "అయిపోయింది సార్" అంటారు. మే నెలలో అయితే ఒళ్లంతా చెమటే కాబట్టి అది కూడా చేయరు. చెమట పట్టించింది ఎండ. తుంటి, భుజం ఇంకా నిద్రలోనే ఉంటాయి. పది నిమిషాల పరుగు, కీళ్లు కదిలించే వ్యాయామాలు, ఆ తర్వాత పది మీటర్ల నుంచి మొదలుపెట్టి దూరం పెంచుతూ విసరడం, చివరికి ఆటలో వేసే దూరం, 18.44 మీటర్ల నుంచి క్యాచర్‌కు ఓ పాతిక బంతులు. అందరికీ తెలిసిందే. అయినా ప్రతిసారీ అడగండి.

ఇవన్నీ చేసినా గురి కుదరకపోతే? నేను దెబ్బతిన్నది ఇక్కడే.

డిసెంబరు ఉదయం, ఎనిమిదింటికి ఆట. మా పిచర్ 7:50కల్లా సిద్ధం. మొదట బ్యాటింగ్ మాది. మావాళ్లు ఐదు పరుగులు కొట్టారు, నేను చప్పట్లు కొడుతున్నాను. అతను సిమెంటు బెంచీ మీద, విసిరే చేత్తోనే చాయ్ గ్లాసు పట్టుకుని, దాదాపు అరగంట కూర్చున్నాడు. వెళ్లి వేసిన మొదటి బంతి వెనుక వలకు తగిలింది. ఆ ఐదు పరుగులూ ఆ ఇన్నింగ్స్‌లోనే తిరిగి ఇచ్చేశాం. బంతి మీద వేళ్ల పట్టు సరిగా లేదని రెండు వారాలు అతన్ని తిట్టాను. తర్వాత స్కోరు పుస్తకం తిరగేస్తే తల తిరిగింది: అతని చెడ్డ ఆరంభాలన్నీ మేం మొదట బ్యాటింగ్ చేసిన రోజులవే! ముందు ఫీల్డింగ్ చేసిన రోజు అతని వంక ఎవరూ వేలెత్తి చూపలేదు.

కాబట్టి లెక్క ఆట మొదలయ్యే వేళ నుంచి కాదు, అతను వేయబోయే మొదటి బంతి నుంచి వెనక్కి వేయండి. ముందు ఫీల్డింగ్ అయితే ఐదారు నిమిషాల ముందు ముగిస్తే చాలు. బ్యాటింగ్ అయితే పరుగు, దూరం విసరడం అందరితో పాటే కానిచ్చి, క్యాచర్‌కు వేసే చివరి పది బంతులు దాచిపెట్టండి. మన మొదటి బ్యాటర్ ప్లేట్ దగ్గరికి వెళ్లగానే వాటిని మొదలుపెట్టాలి, ఎందుకంటే ముగ్గురు ఔటైతే మన బ్యాటింగ్ వంతు ముగుస్తుంది, అది ఐదు నిమిషాల్లోనే అయిపోవచ్చు. ఇన్నింగ్స్ సాగితే జాకెట్ వేసుకుని నడుస్తూ ఉండాలి, ప్రతి ఐదు నిమిషాలకూ నాలుగైదు బంతులు వేయాలి. మైదానంలోకి వెళ్లాక అంపైరు ఇచ్చే కొద్ది బంతులతో కోలుకుందామనుకోవద్దు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. అసలు క్యాచర్ బ్యాటింగ్‌కు వెళ్తాడు, పిచర్‌కు బంతి పట్టేవాడు ఉండడు. చాలా జట్లలో పిచర్ బెంచీ ఎక్కేది బద్ధకంతో కాదు, ఇందువల్లే. రెండో క్యాచర్ ఎవరో ముందు రోజే తేల్చి, మాస్కు, గ్లవ్ అతని చేతికివ్వండి.

మిగతావి అరుదు. మన మైదానాలు చాలావరకు చదును. టోర్నమెంటులో పది అంగుళాల ఎత్తు మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) ఎదురైతే మొదటి బంతులు పైకి పోవచ్చు, వాలు మీద నాలుగు వేస్తే సర్దుకుంటుంది. మంచుకు బంతి తడిస్తే తువ్వాలు చాలు.

మోచేతి లోపలి వైపు నొప్పి అంటే మాత్రం వార్మప్‌తో పోయేది కాదు. బంతి తీసేసుకుని డాక్టరు దగ్గరికి పంపండి.