వలసదారులనూ స్థానికులనూ అంకెల్లో పోల్చేటప్పుడు: అమెరికా సర్వే పట్టికలు చదివే పద్ధతి

ఈ పనికి మంచి ఆధారం అమెరికన్ కమ్యూనిటీ సర్వే. అక్కడి జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో దీన్ని ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపుతుంది. బ్యూరో డేటా సైట్‌లో ఎస్‌0501 అని వెతికితే స్థానికులు, విదేశాల్లో పుట్టినవాళ్లు పక్కపక్కన కనిపిస్తారు. ఎప్పుడు వచ్చారన్న వివరం ఎస్‌0502లో ఉంటుంది.

అంకె రాసుకునే ముందే ఎవరు ఏ గడిలో ఉన్నారో చూసుకోండి. పుట్టుకతోనే అమెరికా పౌరులైనవాళ్లంతా స్థానికుల కిందకే వస్తారు. డాలస్‌లో తెలుగు దంపతులకు పుట్టిన పాప స్థానికుల లెక్కలో, అమ్మానాన్నలు వలసదారుల లెక్కలో ఉంటారు. ఇంటి ఆదాయం తీరు వేరు. ఇల్లు సొంతమైనా అద్దెదైనా ఎవరి పేరున ఉందో, ఆ మనిషి ఎక్కడ పుట్టారన్నదాన్ని బట్టి మొత్తం ఆదాయం ఒకే గడిలోకి పోతుంది. అందుకే మనుషుల అంకెనూ ఇళ్ల అంకెనూ కలిపి రాయకూడదు.

ఎక్కువమంది పొరపడేది వయసు దగ్గర. ఉదాహరణకు, 25–44 ఏళ్లవాళ్లలో పేదరికం 10 శాతం, 45–64 వాళ్లలో 6 శాతం అనుకోండి. రెండు వర్గాలకూ ఇవే రేట్లు. స్థానికులు ఈ వయసుల్లో సగం సగం ఉంటే వాళ్ల మొత్తం రేటు 8 శాతం. వలసదారుల్లో చిన్నవాళ్లు 80, పెద్దవాళ్లు 20 శాతమైతే 9.2 వస్తుంది. ఏ వయసులోనూ తేడా లేదు, మొత్తంలో మాత్రం 1.2 పాయింట్ల తేడా తేలింది! వలసదారుల ఒక్కో వయసు రేటునూ స్థానికుల్లో ఆ వయసువాళ్ల వాటాతో గుణించి కూడితే ఈ మాయ పోతుంది. చదువుకూ రాష్ట్రానికీ ఇదే లెక్క.

భారతీయ మహిళల ఉద్యోగ శాతం చూసి తొందరపడి ఏదీ తేల్చేయకండి. హెచ్‌-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే హెచ్‌-4 వీసా మీద వచ్చిన భార్యకు మామూలుగా పనిచేసే అనుమతి ఉండదు. 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరాక. బీటెక్ చదివి ఇంట్లో ఉండిపోయిన ఆమె పట్టికలో ఉద్యోగం చేయని, వెతకని మనిషిగానే కనిపిస్తుంది. ఆ గడి వెనక చట్టం ఉందన్న సంగతి మీరు రాయకపోతే చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

ఒకే ఏడాది పట్టికలో పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ పోల్చి “ఇరవై ఏళ్లలో ఇంత ఎదిగారు” అనడమూ తప్పే. వాళ్లు వేరు, వీళ్లు వేరు అని ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ 1985లోనే ఎత్తిచూపారు. 2000–2009 మధ్య వచ్చినవాళ్లనే 2009 సర్వేలో ఒకసారి, 2019 సర్వేలో మరోసారి చూడండి. మధ్యలో తిరిగి వెళ్లిపోయినవాళ్లు అప్పటికీ లెక్కలో ఉండరు, ఆ మాట కూడా రాయండి.

చివరగా ప్రతి అంకె పక్కనుండే ప్లస్ ఆర్ మైనస్ (±) చూడండి, సర్వే అంకె అటూ ఇటూ ఎంత తప్పొచ్చో అది చెబుతుంది. ఒకదానికి 3, ఇంకోదానికి 4 ఉంటే, వాటి వర్గాలను (3×3, 4×4) కూడి వర్గమూలం తీస్తే 5. రెండు అంకెల మధ్య తేడా 5 దాటకపోతే తేడా ఉందని రాయకండి. 65,000 జనాభా లేని కౌంటీలకు ఐదేళ్ల సర్వేలను కలిపిన పట్టికే వాడాలి.