టర్న్ అన్‌డెడ్ పని చేయడం లేదా? సమస్య - పరిష్కారం

బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లి వైపు, ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట) కూర్చునే తెలుగు బ్యాచ్‌లలో క్లెరిక్‌కి (పూజారి పాత్ర) తరచూ పడే అక్షింతలు: "నీ టర్న్ అన్‌డెడ్ దండగ మామా!" టర్న్ అన్‌డెడ్ అంటే లేచి తిరిగే శవాలను క్లెరిక్ ప్రార్థనతో తరిమే శక్తి; ప్రతి శవం తట్టుకోవడానికి పాచిక వేస్తుంది (దీన్నే సేవ్ అంటారు), తప్పినవి పారిపోతాయి. చాలాసార్లు తప్పు క్లెరిక్‌ది కాదు. కింద చెప్పినవి 2014 పుస్తకంలోని రూల్స్.

సమస్య: పారిపోతున్న అస్థిపంజరం వెంటనే వెనక్కి తిరిగి కొడుతోంది.

కారణం మీవాళ్లే. టర్న్ అయిన శవం ఒక నిమిషం, అంటే పది రౌండ్లు, మీకు దూరంగా పరిగెత్తాలి. కానీ ఒక్క పాయింట్ దెబ్బ తగిలినా ఆ ప్రభావం పోతుంది. గుంపుగా పారిపోతున్నాయి కదా అని విజార్డ్‌కి (మంత్రాలు వేసే పాత్ర) చెయ్యి దురద పుట్టి ఫైర్‌బాల్ వేస్తాడు. చావకుండా మిగిలినవన్నీ మళ్లీ మీ మీదికే.

పరిష్కారం: టర్న్ అయిన ప్రతి శవం టోకెన్ (మ్యాప్ మీద పెట్టే బిళ్ల) కింద ఒక వాటర్ బాటిల్ మూత పెట్టండి. మూత ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముందు సేవ్ అయి నిలబడ్డవాటిని అందరూ కలిసి ముగించాలి. తర్వాత పారిపోయినవాటి సంగతి ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు, లేదా తలుపు వేసి గడియ పెట్టుకోవచ్చు.

సమస్య: పారిపోకుండా మూలన నక్కి ఉంటున్నాయి, దెబ్బ కూడా తగలడం లేదు.

మీరు గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశారు. వాటికి దారేది? కదలడానికి చోటు లేకపోతే అవి డాడ్జ్ చేస్తాయి, మీ దాడులకు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం) వస్తుంది. గుమ్మం వదిలి లోపలికి జరిగి, దారి వాటి వెనక ఉండేలా చూసుకుని అప్పుడు వాడండి. ముప్పై అడుగులంటే మ్యాప్ మీద ఆరు గళ్లే, అదీ లెక్కలో ఉంచుకోండి.

సమస్య: సగం కూడా కదలడం లేదు.

రెండో లెవెల్‌లో విజ్‌డమ్ (వివేకం స్కోరు) 16 ఉంటే మీ డీసీ (సేవ్‌లో అవి అందుకోవాల్సిన అంకె) 13. అస్థిపంజరాలు ఆరుంటే సగటున నాలుగు పారిపోతాయి, అంతకంటే ఆశ పెట్టుకోవద్దు. ఘౌల్‌ల (శవాలు తినే అన్‌డెడ్) గుంపైతే మధ్యలో ఘాస్ట్ (వాటికంటే బలమైన జాతి) ఉందేమో చూడండి. దానికీ, దాని చుట్టూ ముప్పై అడుగుల్లో ఉన్న ఘౌల్‌లకీ ఈ సేవ్‌లో అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) ఉంటుంది. ముందు దాన్ని చంపాలి. ఇక వాటిని లేపిన మంత్రగాడు బతికున్న మనిషి, మీ ప్రార్థనకి వాడెందుకు పరిగెత్తుతాడు?

సమస్య: ఐదో లెవెల్ వచ్చినా జాంబీలు బూడిద కావడం లేదు.

మీ డీఎం (ఆట నడిపే వ్యక్తి) చేతిలో 2024 పుస్తకం ఉండి ఉంటుంది. 2014లో ఐదో లెవెల్ నుంచి సేవ్ తప్పిన చిన్న శవాలు (ఛాలెంజ్ రేటింగ్, అంటే బలం కొలత, అర లేదా అంతకంటే తక్కువ) అక్కడికక్కడే నాశనమవుతాయి. 2024లో వాటికి రేడియంట్ డ్యామేజ్ మాత్రమే పడుతుంది, మీ విజ్‌డమ్ మాడిఫయర్ (స్కోరు బట్టి వచ్చే బోనస్) ఎంతో అన్ని డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు). ఆ డ్యామేజ్‌కి మాత్రం టర్న్ చెడిపోదు. ఏ పుస్తకమో డైస్ తీయకముందే అడిగేయండి. మధ్యలో వాదన మొదలైతే ఆ పూట ఆట అయిపోయినట్టే.