ఓపెన్‌సీటీఐ లేవకపోతే ముందు కెర్నల్ సెట్టింగ్ చూడండి

సైబర్ దాడుల సమాచారాన్ని ఒకచోట చేర్చి విశ్లేషించే ఓపెన్‌సీటీఐని డాకర్ కంపోజ్‌తో (పలు కంటైనర్లను కలిపి నడిపే పనిముట్టు) పెట్టి, బ్రౌజర్‌లో 8080 పోర్టు తెరిస్తే ఖాళీ. ఇలాంటప్పుడు ప్లాట్‌ఫామ్ లాగ్ కంటే ముందు దాని డేటాబేస్ అయిన ఎలాస్టిక్‌సెర్చ్ లాగ్ చదవాలి. ప్రధాన డేటా ఉండేది అక్కడే, అది లేవనిదే పైది లేవదు.

లాగ్‌లో 65530 చాలా తక్కువ అన్న ఫిర్యాదు కనిపిస్తే తప్పు కంటైనర్‌ది కాదు, హోస్ట్ లైనక్స్‌ది. ఇండెక్స్ ఫైళ్లను మెమరీలోకి మ్యాప్ చేయడానికి ఆ పరిమితి చాలదు. కెర్నల్ సెట్టింగ్‌లు మార్చే సిస్‌కంట్రోల్‌లో వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ విలువను 1048575 చేశాను. ఆ వరుసను సిస్‌కంట్రోల్ కాన్ఫ్ ఫైల్లో కూడా రాయాలి, లేకుంటే రీబూట్‌తో పాత విలువే వస్తుంది.

కంటైనర్ 137 కోడ్‌తో ఆగిపోతుంటే చాలాసార్లు ర్యామ్ చాలకే. 16 జీబీ ఉన్న యంత్రంలో ఎలాస్టిక్‌సెర్చ్‌కు 4 జీబీ ఇచ్చాను.

అడ్మిన్ టోకెన్ మామూలు పాస్‌వర్డ్ కాదు, యూయూఐడీ (ఎక్కడా పునరావృతం కాని గుర్తింపు సంఖ్య) నాలుగో వెర్షన్ రూపంలోనే ఉండాలి. బయటి సమాచారాన్ని తెచ్చిపెట్టే ప్రతి కనెక్టర్‌కూ వేరే ఐడీ. కాపీ పేస్ట్‌లో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే: ఒకే ఐడీ రెండింటికి పడితే రెండూ ఒకే కనెక్టర్‌గా నమోదవుతాయి.

మొదట మైటర్ అటాక్ (దాడి పద్ధతుల జాబితా) కనెక్టర్ ఒక్కటే నడపండి. కనెక్టర్ పంపినవి వరుసలో నిలిచే ర్యాబిట్‌ఎంక్యూ క్యూ ఖాళీ అయ్యాకే రెండోది కలపండి. సంబంధాలను గీతలతో చూపే గ్రాఫ్‌లోకి ఫీడ్ మొత్తం లాగకండి. ఒక్క దాడి బృందం, దాని టెక్నిక్‌లు, మాల్వేర్ చాలు. గీతలు చిక్కుపడితే విశ్లేషకుడికి ఏమీ కనబడదు.