ఎస్‌ఎస్‌డీ బిగించే రోజు పాత డిస్కు వైరు పీకేయండి

పాత డెస్క్‌టాప్ స్విచ్చి వేసి, కాఫీ కలుపుకొని వచ్చినా తెర మీద చుక్కలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయంటే, ప్రాసెసర్ ముసలిదైపోయిందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు దోషం హార్డ్‌డిస్కుది. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక పెద్ద సినిమా ఫైలును వరసగా చదివితే సెకనుకు 100 నుంచి 150 ఎంబీ దాకా ఇస్తుంది, ఫరవాలేదు. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేది వేల కొద్దీ చిన్న ఫైళ్లు. ఒక్కోదాని కోసం లోపలి ముల్లు అక్కడికి జరగాలి, పళ్లెం తిరిగి దాని కిందికి రావాలి. అందుకు పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. అంటే సెకనుకు వంద వెతుకులాటలు కూడా కావు. డేటాను చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు కాబట్టి అదే పని మిల్లీసెకనులో పదో వంతుకే అయిపోతుంది.

నెట్ వేగం మాత్రం దీనివల్ల పెరగదు. తిరుమల దర్శనం టికెట్ల కోటా ఉదయం 10 గంటలకు విడుదలయ్యే రోజున ఆన్‌లైన్ క్యూలో మన వంతును ఎస్‌ఎస్‌డీ ముందుకు జరపదు. 9.55కి సిస్టం ఆన్ చేసినా బ్రౌజరు తయారుగా ఉంటుంది, అంతవరకే.

బోర్డు ఏదో తెలుసుకున్నాకే కొనండి

స్టార్ట్ దగ్గర సిస్టం ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే, బేస్‌బోర్డ్ ప్రాడక్ట్ అనే వరసలో మదర్‌బోర్డు మోడల్ ఉంటుంది.  

ఇళ్లలో ఇంకా నడుస్తున్న రెండో, మూడో తరం ఐ3 మెషీన్లలో హెచ్61 చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్పు) ఉన్న బోర్డులు ఎక్కువ. ఆ చిప్‌సెట్‌లో సాటా పోర్టులన్నీ (డిస్కు వైరు గుచ్చే చోట్లు) సెకనుకు 3 గిగాబిట్ల రకమే. సెకనుకు 550 ఎంబీ ఇచ్చే ఎస్‌ఎస్‌డీ పెట్టినా అక్కడ 280 దగ్గర ఆగిపోతుంది. అయినా నిరభ్యంతరంగా పెట్టండి, ఎందుకంటే మనకు కావలసింది చిన్న ఫైళ్ల దగ్గర వేగం, అది వస్తుంది. హెచ్81లో నాలుగు పోర్టులుంటే రెండే 6 గిగాబిట్లవి. వాటి రంగు చాలా బోర్డుల్లో వేరుగా ఉంటుంది, పక్కన సన్నగా అంకెలు కూడా అచ్చువేసి ఉంటాయి. ఈ రెండు రకాల బోర్డులకూ 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే సరి. ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీని కార్డు మీద బిగించి పెడితే డ్రైవు కనిపిస్తుంది గానీ, దాని నుంచి బూట్ చేయడం, అంటే విండోస్‌ను లేపడం, ఈ పాత బయోసులకు (బోర్డులోనే ఉండి సిస్టంను మొదలుపెట్టే ప్రోగ్రాం) మామూలుగా చేతకాదు.

కొత్త బోర్డులో ఎస్‌ఎస్‌డీని వైరు లేకుండా నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ ఉంటే 2280 సైజుది కొనాలి, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. ఎం.2 అనేది సన్నటి కర్రలాంటి ఆ ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటావీ వస్తాయి, ఎన్‌వీఎంఈవీ వస్తాయి. ఎన్‌వీఎంఈ కర్రకు సాధారణంగా ఒకే గాడి ఉంటుంది, సాటా కర్రకు రెండు. కొన్ని స్లాట్లు ఒక రకాన్నే తీసుకుంటాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 లో సాటా కర్ర పెట్టగానే మామూలు సాటా పోర్టు ఒకటి పనిచేయడం మానేస్తుంది. అప్పుడు పాత డిస్కు చచ్చిపోయిందని కంగారు పడకుండా దాని వైరును ఇంకో పోర్టుకు మార్చండి. ఏ పోర్టు ఆగిపోతుందో బోర్డు మాన్యువల్లో ఉంటుంది.

ఇంటి పనికి, అంటే బ్రౌజరు, పిల్లల ప్రాజెక్టులు, టాలీ, ఫొటోలకు, సాటాకూ ఎన్‌వీఎంఈకీ తేడా బూటింగులో కొద్ది సెకన్లే. బోర్డు తీసుకుంటే ఎన్‌వీఎంఈ కొనండి, తీసుకోకపోతే బాధపడకండి. సైజు మాత్రం 500 జీబీకి తగ్గొద్దు. 240 జీబీది ఏడాదిలో నిండిపోతుంది, నిండిన ఎస్‌ఎస్‌డీ రాసేటప్పుడు నత్తలా నడుస్తుంది. 500 జీబీది విండోస్‌లో 465 అని చూపిస్తే మోసం కాదు, లెక్కబెట్టే పద్ధతిలో తేడా.

పెట్టె మీదో కంపెనీ సైటులోనో టీఎల్‌సీ (లోపలి చిప్పుల రకం) అని, ఐదేళ్ల వారంటీ అని ఉందో లేదో, ఎన్ని టీబీల డేటా రాసినా తట్టుకుంటుందో చూసుకోండి. ఉదాహరణకు శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీ రకానికి ఆ అంకె 300 టీబీ. రోజుకు 40 జీబీ రాసినా ఇరవై ఏళ్లు పడుతుంది, కాబట్టి అరిగిపోతుందన్న భయం ఇంటి వాడకంలో వద్దు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్.పి.రోడ్డులోనో కొంచెం తక్కువకు దొరికిందని చిత్తూరు నుంచి బస్సెక్కే ముందు ఒక లెక్క వేసుకోండి. వారంటీకి మళ్లీ అదే బస్సెక్కాలి. ఎక్కడ కొన్నా బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోండి. ఆ నంబరును కంపెనీ సైటులో కొట్టి చూస్తే వారంటీ ఉందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ముందు రోజు పని

పాత డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే వరసలో చివరి గడిలో (రా వాల్యూస్) సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే, డిస్కు చదవలేకపోతున్న చోట్లు ఉన్నట్టు. అలాంటి డిస్కును క్లోన్ చేయబోతే, అంటే ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి నకలు తీయబోతే, మధ్యలో ఆగిపోతుంది, ఆ శ్రమకు డిస్కు పూర్తిగా కూలబడవచ్చు కూడా. ముందు ఫొటోలు, పత్రాలు బయటి డిస్కుకు తీసుకుని, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేసుకోవడమే దారి.

డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఆపండి. దాని 48 అంకెల తాళం నంబరును కాగితం మీద రాసుకోండి. టాలీ ఉన్నవాళ్లు లైసెన్సును సరెండర్ చేసి, కొత్త విండోస్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. డేటా ఫోల్డరును విడిగా కాపీ పెట్టుకోండి. డీటీపీ పని చేసేవాళ్లు అను ఫాంట్ల సీడీ, సీరియల్ నంబరు ఎక్కడున్నాయో ఈరోజే వెతకండి, ఫార్మాట్ కొట్టిన తర్వాత కాదు. విండోస్ లైసెన్సు గురించి బెంగ అక్కర్లేదు. డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డును గుర్తుపెట్టుకుంటుంది, డిస్కును కాదు. యాక్టివేట్ అయిన ఎడిషనే వేయండి, హోం ఉన్నచోట ప్రో వేస్తే ఎక్కదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంతకంటే పాత మెషీనుకు అడ్డదారుల్లో 11 వేసి తర్వాత అప్‌డేట్ల దగ్గర అగచాట్లు పడే కంటే, బ్రౌజింగుకే వాడేవాళ్లకు విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్ మేలు.

మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి 8 జీబీ పెన్‌డ్రైవులోకి విండోస్ ఎక్కించండి. బోర్డు కంపెనీ సైటు నుంచి ల్యాన్ డ్రైవరును (నెట్ వైరు పనిచేయడానికి కావలసిన ప్రోగ్రాం) వేరే పెన్‌డ్రైవులో పెట్టుకోండి. విండోస్ 11 సెటప్ మధ్యలో నెట్ అడుగుతుంది. ల్యాన్ దొరక్కపోతే అక్కడే చిక్కుకుపోతారు.

బిగించడం

సీపీయూ వెనక స్విచ్చి ఆపి, ప్లగ్ పీకి, ముందున్న పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. కేబినెట్ రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. ఎడమ పక్క తలుపు తీశాక లోపల దుమ్ము గూడు కట్టి ఉంటే, ఆరుబయట బ్లోయరుతో ఊదండి. ఫ్యాను రెక్కను మాత్రం వేలితో ఆపి పట్టుకోండి.

2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఎం3 స్క్రూలు కావాలి. హార్డ్‌డిస్కు స్క్రూలు దీనికన్నా లావు, మర వేరు. బలవంతంగా తిప్పితే మర పోతుంది. పాత కేబినెట్లో 2.5 అంగుళాల చోటు లేకపోతే 3.5 అంగుళాల ట్రేలో కూర్చునే బ్రాకెట్ దొరుకుతుంది. అదీ లేకపోతే రెండు స్క్రూలతో ఒక పక్కే బిగించినా చాలు. కదిలే భాగాలు లేవు కాబట్టి అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా ఎలా ఉన్నా పనిచేస్తుంది.

వైర్ల కోసం కొత్తవి కొనే ముందు డీవీడీ డ్రైవు వైపు చూడండి. చాలా ఇళ్లలో అది వాడక ఏళ్లవుతోంది. దాని సాటా వైరు, పవర్ వైరు రెండూ ఎస్‌ఎస్‌డీకి అలాగే సరిపోతాయి. ఎస్‌ఎంపీఎస్‌లో (కేబినెట్లో కరెంటు ఇచ్చే పెట్టె) సాటా పవర్ పిన్ను లేదని నాలుగు పిన్నుల వైరు నుంచి మార్చే చౌక కన్వర్టర్ పెట్టకండి. ప్లాస్టిక్ ముద్దలో వైర్లు పోతపోసి చేసిన రకం లోపల ఒకదానికొకటి తగిలి కాలిపోతుంది, డ్రైవునూ వెంట తీసుకుపోతుంది. తప్పనిసరైతే ఒక్కో తీగ విడివిడిగా నొక్కి బిగించిన రకం తీసుకోండి.

ఎం.2 అయితే కర్రను ముప్పై డిగ్రీల వాలుగా స్లాట్లోకి తోసి, కిందికి వంచి, చివర స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ మినపగింజంత ఉంటుంది, కింద పడితే వెతకడానికే అరపూట. కింద తెల్లగుడ్డ పరుచుకోండి. హీట్‌సింక్ కింది మెత్తటి పట్టీ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి. ఎస్‌ఎస్‌డీ మీది స్టిక్కరు మాత్రం తీయకండి, వారంటీ పోతుంది.

ఇప్పుడు అసలు మాట. కొత్తగా విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్‌డిస్కు సాటా వైరు పీకి పక్కన పెట్టండి. రెండూ తగిలించి ఉంటే సెటప్ ప్రోగ్రాం విండోస్‌ను మీరు చెప్పినట్టు ఎస్‌ఎస్‌డీ మీదే వేస్తుంది. కానీ సిస్టం లేపే చిన్న ఫైళ్లను పాత డిస్కులో అప్పటికే ఉన్న బూట్ పార్టిషన్లో పెట్టేస్తుంది. అప్పుడేమీ తెలియదు, అంతా హాయిగా నడుస్తుంది. ఏడాదికో రెండేళ్లకో పాత డిస్కు పోయిన రోజున, నిక్షేపంగా ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు. పైగా సెటప్ తెరలో పొరపాటున ఫొటోలున్న పార్టిషన్‌ను డిలీట్ కొట్టే ప్రమాదం కూడా ఒక్క వైరు పీకితే తప్పుతుంది.

విండోస్ వేయడం

ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. సాటా మోడ్ (డ్రైవుతో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూడండి. బయట పడ్డాక బూట్ మెనూ కీ నొక్కాలి. గిగాబైట్‌కు ఎఫ్12, ఏసస్‌కు ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11, డెల్‌కు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అన్న మాటతో మొదలయ్యేదాన్ని ఎంచుకోండి. డిస్కుల తెరలో అన్‌అలోకేటెడ్ స్పేస్ అని ఒక్కటే ఉంటుంది. దాన్ని ఎంచి నెక్స్ట్ నొక్కితే చాలు, పార్టిషన్లు అదే చేసుకుంటుంది. సీ, డీ అని ఎస్‌ఎస్‌డీని ముక్కలు చేయకండి. సీ నిండిపోయి డీ ఖాళీగా ఉండే పాత తలనొప్పి మళ్లీ మొదలవుతుంది.

క్లోన్ చేయాలనుకునేవాళ్లకు శామ్‌సంగ్ సొంత ప్రోగ్రాం ఇస్తుంది, మరికొన్ని కంపెనీలు అక్రోనిస్ ఇస్తాయి. పాత దాంట్లోని డేటా కొత్త డ్రైవులో పట్టేంత ఉండాలి. క్లోన్ అయ్యాక సిస్టం ఆపి, పాత డిస్కు పీకి, మొదటిసారి ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే లేపండి. రెండూ ఉంటే రెండింటి గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, లేదా తెలియకుండా పాతదాని నుంచే లేచి, ఎస్‌ఎస్‌డీ పెట్టినా వేగం రాలేదేమిటని మిమ్మల్ని తికమక పెడుతుంది. పాత విండోస్ ఏళ్ల చెత్తతో ఉంటే క్లోన్ ఆ చెత్తనూ మోసుకొస్తుంది. టాలీ, ప్రింటర్లు, ఫాంట్లు సెట్ చేసుకున్న షాపు మెషీనుకు క్లోన్, ఇంటి మెషీనుకు కొత్త విండోస్, ఇదీ మా సలహా.

క్లోన్ తర్వాత నీలం తెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే, పాత విండోస్ ఐడీఈ అనే పాతకాలపు సాటా మోడ్‌లో వేసినది అయి ఉండొచ్చు. బయోస్‌ను ఐడీఈకి తిప్పి లేపండి. సిస్టం కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేస్తే సరి.

చిత్తూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఉరుములు, కరెంటు కోతలు ఉండే కాలం. క్లోనింగ్, ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి సొంత ప్రోగ్రాం) అప్‌డేట్ లాంటి పనులు ఆ సాయంత్రాల్లో యూపీఎస్ లేకుండా పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే క్లోన్ మళ్లీ చేసుకోవచ్చు, సగంలో ఆగిన ఫర్మ్‌వేర్‌తో డ్రైవే పోవచ్చు.

పాత డిస్కు మళ్లీ తగిలించడం

ఎస్‌ఎస్‌డీ మీద రెండు రోజులు సవ్యంగా నడిచాక పాత డిస్కు వైరు పెట్టండి. బయోస్ దాన్నే ముందుకు తీసుకొస్తే, బూట్ వరసలో ఎస్‌ఎస్‌డీ పేరుతో ఉన్న విండోస్ బూట్ మేనేజరును మొదట పెట్టండి. పాత యూజర్ ఫోల్డర్ తెరిస్తే అనుమతి లేదంటుంది. కంటిన్యూ నొక్కి ఓపిక పట్టండి, ఫైళ్లు ఎక్కువుంటే చాలాసేపు పడుతుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ నుంచి వాటిని పాత డిస్కుకు మార్చుకోవచ్చు. పాత సీ డ్రైవును రెండు వారాల దాకా చెరపకండి, ఏదో ఒక ఫైలు గుర్తొస్తుంది. చెరిపేటప్పుడు 100 ఎంబీ బూట్ పార్టిషన్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిలీట్ కాదు, వదిలేయండి.

డిస్కులో ముక్కలైన ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ ప్రోగ్రాంలేవీ వేయొద్దు. ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరలో సీ ఎదురుగా సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉంటే విండోస్ ట్రిమ్ పని, అంటే డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పడం, తనే చూసుకుంటుంది. అక్కడ హార్డ్ డిస్క్ డ్రైవ్ అని కనిపిస్తే, క్లోన్ తర్వాత గుర్తింపు సరిగా జరగలేదన్నమాట. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి విన్‌శాట్ డిస్క్ పరీక్ష నడిపితే సర్దుకుంటుంది. డ్రైవులో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీ ఉంచండి.

హార్డ్‌డిస్కు పోయే ముందు టకటకమని చప్పుడు చేస్తుంది, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది. ట్రిమ్ వల్ల డిలీట్ చేసిన ఫైళ్లు వెనక్కి రావడమూ కష్టం. అందుకే పాత డిస్కు బాగుంటే ఫొటోల రెండో కాపీ దాని మీదే ఉంచండి. ఎస్‌ఎస్‌డీలో కాపీ పెట్టి బీరువాలో దాచడం వద్దు, ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే దాంట్లో రాసినది చెరిగిపోవచ్చు.