చిన్నపిల్లలతో ఉద్దానం తోటకు ఒక పూట: ఎలా వెళ్ళాలి?

వేసవి సెలవులు ఇవ్వగానే ఇంట్లో అరకు అనో, సముద్రం అనో మాట మొదలవుతుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి నేను మాత్రం తోటే చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు జీడి, కొబ్బరి, పనస కలగలిసి పెరిగే ఉద్దానం ఉండగా పిల్లల కోసం దూరాలు వెతకనక్కర్లేదు. అయితే తోట పార్కు కాదు. అక్కడ ఎవరో కష్టపడి పని చేసుకుంటుంటారు. ఆ పనిలో పిల్లలకు చిన్న వాటా దొరికేలా చూడటమే మన ఏర్పాటంతా.

1. పంట ఎప్పుడో చూసుకోండి

జీడి పంట ఫిబ్రవరి, మార్చిల్లో మొదలై మే దాకా నడుస్తుంది. బడులకు సెలవులు ఏప్రిల్ చివర్లో వస్తాయి కాబట్టి మొదటి వారం, పది రోజుల్లోనే వెళ్ళడం మేలు. ఆలస్యం చేస్తే చెట్ల కింద ఎండుటాకులే ఎక్కువ. పనస పండ్లు కావాలంటే మే, జూన్. సంక్రాంతికి హాయిగా ఉంటుంది గానీ జీడిచెట్టుకు అప్పటికి పూతే. కొబ్బరి ఏడాది పొడవునా ఉంటుంది. విజయనగరం వైపు వారికి మామిడి తోటలు దగ్గర. సువర్ణరేఖ తొందరగా పండే రకం, పైగా దాని ఎర్రని బుగ్గలు చూసి పిల్లలు తామే గుర్తుపట్టేస్తారు.

2. రైతుతో ముందే మాట్లాడండి

బంధువుల తోటో, తెలిసినవారి తోటో ఉంటే సగం పని అయినట్టే. ఫోన్లో అడగవలసినవి ఇవి: ఈ వారంలో పురుగుమందు కొట్టారా? బావికి గట్టు ఉందా? కుక్క కట్టేసి ఉంటుందా? ఆ రోజు ఏ పని జరుగుతుంది? చివరి ప్రశ్న చాలామంది అడగరు, కానీ అదే ముఖ్యం. జీడిపిక్కలు (గింజలు) ఏరే రోజు వెళ్తే పిల్లలకు పండగ, ఏ పనీ లేని రోజు వెళ్తే అరగంటకే ఫోను అడుగుతారు. వారిది పని రోజు కాబట్టి ఉత్త చేతులతో వెళ్ళకండి. పండో, మిఠాయో తీసుకెళ్ళండి, తెచ్చుకునే కాయలకు డబ్బు ఇవ్వండి.

3. తెల్లవారుజామునే బయలుదేరండి

శ్రీకాకుళం నుంచి పలాసకు జాతీయ రహదారి మీద గంటన్నర ప్రయాణం. రైల్లో వచ్చేవారికి పలాస, సోంపేట స్టేషన్లు అనుకూలం. ఏడు గంటలకు తోటలో అడుగుపెట్టి, పదిన్నరకల్లా నీడకు చేరాలన్నది లెక్క. ఆ తర్వాత ఎండ పెద్దవాళ్ళకే కష్టం.

సంచిలో పాత పొడుగు చేతుల చొక్కాలు, మూసి ఉండే చెప్పులు, టోపీలు, సబ్బు, కొబ్బరినూనె, ఓఆర్ఎస్ పొట్లాలు, సరిపడా తాగునీరు. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి కొందరు జంకుతారు. అది ఏళ్ళ తరబడి అక్కడ బతికేవారి బాధ, ఒక పూట చూసి వచ్చేవారికి వచ్చే ముప్పు కాదు. నీళ్ళు పట్టుకెళ్ళమన్నది కొత్త నీరు పిల్లల కడుపుకు పడకపోవచ్చని మాత్రమే.

4. జీడిచెట్టు కింద: చేయనివ్వవలసినవి, వద్దనవలసినవి

పండు లోపల గింజ ఉండటం పిల్లలకు తెలుసు. జీడిలో గింజ పండు బయట, కింద వేలాడుతూ ఉంటుంది. ముందు ఏమీ చెప్పకుండా ఒక పండు చేతికిచ్చి చూడండి, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. రాలిన పండ్లు ఏరి గంపలో వేయడం నాలుగేళ్ళ పిల్లలూ చేయగలరు. పండు నుంచి పిక్కను మెలితిప్పి వేరుచేసే పని మాత్రం పెద్దలది.

పిక్క పెంకులో ఘాటైన నూనె ఉంటుంది. అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పెదవులకు తగిలితే మరీ ప్రమాదం. కాబట్టి కొరకనివ్వకూడదు, పగలగొట్టనివ్వకూడదు. తాకితే సబ్బుతో బాగా కడిగి కొబ్బరినూనె రాయండి. ఇంట్లో కాల్చి చూద్దామన్న సరదా కూడా వద్దు: నూనె భగ్గున మండుతుంది, పొగ కళ్ళను మంటపెడుతుంది. పిక్క పప్పుగా ఎలా మారుతుందో చూడాలంటే పలాసలో జీడి పరిశ్రమలున్నాయి. అనుమతి అడిగి, పిల్లలను యంత్రాలకు దూరంగా నిలబెట్టి చూపండి.

కూర్చోవడానికి కొబ్బరిచెట్టు కింద చోటు వద్దు, కాయ ఎప్పుడు పడుతుందో చెట్టుకే తెలియదు. గుబురుగా కొమ్మలు పరుచుకునే జీడిచెట్టు నీడే నయం, ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు లేవని చూసుకుని మరీ. కొబ్బరి డొక్కల కుప్పలు, ఎండుటాకుల పోగులు తేళ్ళకూ పాములకూ ఇళ్ళు, పిల్లలను వాటి దగ్గరికి పోనివ్వకండి. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం వంటివి చేయకుండా కదలనివ్వక 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మోటారు నీళ్ళలో ఆడించవచ్చు, స్టార్టరు పెట్టె, తీగల దగ్గర మాత్రం కాదు.

తోటలో పెద్దాయన ఎవరైనా ఉంటే తిత్లీ తుపాను గురించి అడగమని పిల్లలకు చెప్పండి. 2018 అక్టోబరులో ఆ గాలికి ఇక్కడి కొబ్బరి, జీడి తోటలు తోటలే కూలిపోయాయి. చాలాచోట్ల ఇప్పుడు కనిపించేవి మళ్ళీ నాటిన పొట్టి కొబ్బరిచెట్లు. వాటిలో కొన్నిటి గెలలు పిల్లలకు అందేంత ఎత్తులోనే ఉంటాయి, అంటే ముట్టుకోనివ్వవచ్చు.

5. తిండి, తిరుగు ప్రయాణం

రైతింట చోడి (రాగి) అంబలి పోస్తే వద్దనకండి. ముంజలు, కొబ్బరి బోండాలు సరే, కానీ ముంజను చిన్నవాళ్ళకు ముక్కలు చేసి ఇవ్వండి. జీడిపప్పు నాలుగేళ్ళ లోపు వారికి పలుకులుగా కాకుండా పొడి చేసి పెట్టడమే మంచిది, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. జీడిపండు కొంచెం రుచి చూపండి, గొంతు పట్టేసే వగరు ఉంటుంది. తినే ముందు చేతులు సబ్బుతో కడిగించాలి, దూడను నిమిరిన చేతులైతే రెండుసార్లు.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలు నిద్రపోతారు కనుక వేరే చోట్లు జోడించకండి. శీతాకాలంలో వెళ్ళినవారు మాత్రం ఓపికుంటే తేలినీలాపురం ఆగి కొంగలు, గూడబాతులు చూపవచ్చు. ఇంటికి రాగానే స్నానం, ఒంటిమీద గీతలు, కాట్లు ఉన్నాయేమో చూడటం. ఇక బట్టలకు అంటిన జీడిపండు మరక ఏ సబ్బుకూ పోదు. పాత చొక్కాలు వేయమన్నది అందుకే.